బడీబీ ముఖం కడుక్కుంది

కర్దనూర్
9 నవంబర్ 2025

ఇల్మా బేటాకు గులాం మామూ సలాం, మస్తు దువాలు.

మేమంత ఖైరియత్. మీ అమ్మీ పోయిన జుమ్మాకు సంగారెడ్డి నుంచి వచ్చి పోయింది. మోకాళ్ళు నొస్తున్నయ్ అనుకుంటనే మూడు బట్టల దుకాణాలు తిరిగింది.

కాయితం చూసి నవ్వుతున్నవా? నవ్వు. ఫోన్ల మాట్లాడితే నాకు ఇనపడదు. ముప్పయ్ ఏండ్లు డీజిల్ ఇంజన్ల పక్కన కూసుంటే చెవులు ఎవలికి మిగులుతయ్? మెసేజ్ పెడ్తవా, నాకంటె ముందు మీ ముమానీ చదువుతది. ఫకృన్నీసా చదివిందంటె కర్దనూర్ అంత చదివినట్టే. ఉర్దూ నీకు చదవరాదు, ఇంగ్లీష్ నాకు చదవరాదు. ఇద్దరికి నడుమ మిగిలింది తెలుగే. బడిల సార్ చెవి మెలేసి నేర్పిన తెలుగు గిన్నేండ్లకు పనికొచ్చింది.

అసలు ముచ్చట. తూబా పెండ్లి ఖాయమైంది. ఫిబ్రవరి 8, ఆదివారం, పగటి జొహర్ నమాజ్ అయినంక నిఖా. పిల్లగాని పేరు ఫర్దీన్. జిన్నారంల మందుల కంపెనీల చేస్తడు, నెమ్మదస్తుడు, తల ఎత్తి మాట్లాడడు. హాల్ ఏది అని అడుగకు, మొగులయ్య హాలే. ఇరవై రెండేండ్ల సంది మన బడీబీ గా హాల్ వెనకనే ఉన్నది, నా బిడ్డ పెండ్లి ఇంకో హాల్ల చేస్తనా? మొన్న ఫర్దీన్ వాళ్ళ అమ్మ అడిగింది, “బడీబీ అంటె ఎవరు భాయ్, మీ అత్తగారా?” అని. “కాదమ్మా, మా డీజిల్ జనరేటర్” అన్న. ఆమె ఇంక నా దిక్కు అనుమానంగనే చూస్తున్నది.

ఇగ పరేషానీ వినుకో. తెల్లాపూర్ దిక్కున్న అపార్టుమెంట్లు ఒక్కొక్కటి పెరుగుకుంట పెరుగుకుంట మా హాల్ గోడ దాక వచ్చినయ్. మూడో అంతస్తుల సత్యశ్రీ మేడం అని ఉంటది. కాలేజీల కెమిస్ట్రీ చెప్పి రిటైర్ అయ్యింది. బడీబీ లేసిందంటె ఆమె కిటికీల పొగ పోతదట, కండ్లు మండుతయట. మొగులయ్యకు నాలుగు అర్జీలు రాసింది. మొగులయ్య నా కాడికి వచ్చి, తల కిందికేసుకుని అన్నడు: “గులాం భాయ్, నీ బిడ్డ పెండ్లి దాక నేను ఆపుత. గా రోజు గూడ గామె కండ్లు మండినయంటె, బడీబీని తుక్కు లారీ ఎక్కియ్యాలె. నాకు ఇష్టమై చెప్తలేను.”

నాకు కోపం రాలే. ఎందుకంటె ఒక సంగతి ఎవలికి చెప్పలే, నీకు చెప్తున్న. జనరేటర్ రూం గోడకు వెంటిలేటర్ ఉన్నది, దాంట్ల నుంచి ఆడోళ్ళ దిక్కు కనపడతది. కరెంటు పోయి నేను బడీబీని లేపంగనె, లైట్లు వస్తయ్, ఆడోళ్ళందరు ఓణీలు, కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుంటరు. ఇరవై రెండేండ్లు చూసిన. వెలుగు నేనే ఇస్త, ముక్కు నేనే మూయిస్త. రేపు నా బిడ్డ పెండ్లికూతురై కూసుంటె, నా పొగకు నా బిడ్డ ముక్కు మూసుకోవాల్నా? గది తలుచుకుంటె అన్నం పోతలేదు.

బక్రీద్‌కు వచ్చినప్పుడు నువ్వు కోయంబత్తూరు కాలేజీల మెరుపుతోని పొగను ఇరగ్గొడ్తున్న అని చెప్పినవ్. నేను మస్తు నెత్తి ఊపిన. నిజం చెప్తున్న, ఒక్క ముక్క ఇనపడలే. గిప్పుడు రాసి చెప్పు. గా మెరుపు గొట్టం బడీబీకి పెట్టొస్తదా?

జవాబుకు కండ్లల్ల వత్తులేసుకుని చూసే
మీ మామూ
గులాం మొహమ్మద్


కోయంబత్తూరు
17 నవంబర్ 2025

ప్రియమైన మామూజాన్‌కు,

ఇల్మా సలాం. మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మా హాస్టల్లో ఉత్తరం వచ్చిన మొదటి అమ్మాయిని నేనేనట. వార్డెన్ తెచ్చిచ్చి, “ఇంట్లో అంతా బాగేనా?” అని భయంగా అడిగింది. “మా తూబా పెళ్ళి” అన్నాక గానీ ఆవిడ ముఖం తేటపడలేదు.

తూబాకి ముబారక్. ఫర్దీన్ భాయ్ తల ఎత్తకపోవడమే మంచిది, మా తూబా ఆ ఎత్తంతా తనే చూసుకుంటుంది.

ఇక మెరుపు గొట్టం సంగతి. ఈసారి ఊరికే తల ఊపకండి. ఆకాశంలో మెరిసినప్పుడు మెరుపు దారిలో ఉన్న గాలి ఒక్క క్షణం మామూలు గాలిగా ఉండదు. దాని అణువులు విడిపోయి, కొత్త జతలు వెతుక్కుంటాయి. ఆ స్థితిని ప్లాస్మా అంటాం. దాన్నే మేము ఒక గాజు గొట్టంలో పుట్టిస్తున్నాం. నడుమ సన్నటి ఉక్కు కడ్డీ, బయట రాగి జాలీ, రెంటి మధ్య వేల వోల్టులు. చీకట్లో చూస్తే లోపల ఊదారంగు వెలుగు. పొగ దాంట్లోంచి పోవాలి.

డీజిల్ పొగలో ఇద్దరు దొంగలుంటారు. ఒకడు కంటికి కనిపించే మసి. రెండోవాడు కనిపించడు, నైట్రోజన్ ఆక్సైడ్ అనే గ్యాసు. కళ్ళు మండించేది, గొంతు పట్టేసేది వాడే. మా మెరుపు ఆ రెండోవాడి రూపు మార్చేస్తుంది. ఆ తర్వాత ఒక డబ్బాలో బొగ్గు బాయిలర్ బూడిద ఉంటుంది, అది వాణ్ణి పీల్చుకుంటుంది. సీసాల్లో కొని తెచ్చిన గ్యాసుతో అంతా బ్రహ్మాండంగా పనిచేసింది. నిజం ఇంజనుకు పెడితే ఏమైందంటే, మసి వచ్చి గాజుకు పట్టేసి, ఇరవై నిమిషాల్లో మెరుపు ఆరిపోయింది. ప్రతిసారీ ఇరవై నిమిషాలే. ఆరు నెలలుగా నేనూ ఆ గడియారమూ ఒకరినొకరం చూసుకుంటూ కూర్చున్నాం.

మా సార్ అన్నారు, “కొత్త ఇంజనుతో ఆడుకున్నది చాలు, నిజంగా పనిచేసే పాత ఇంజను ఒకటి వెతుకు” అని. అంతలో మీ ఉత్తరం! బడీబీ కంటే పాతది నాకెక్కడ దొరుకుతుంది?

కాబట్టి నాకొక సాయం చేయండి. దీంతో తెల్ల కాగితాలు కొన్ని పంపుతున్నాను. బడీబీ నడిచిన రోజు, లోడ్ మీద ఉన్నప్పుడు, ఒక కాగితాన్ని పటకారుతో పట్టి పొగ గొట్టం మూతి దగ్గర ఒక్క నిమిషం ఉంచి, వెనక తేదీ రాయండి. ఆ నలుపును బట్టి మసిని ఆపే జల్లెడ ఎంత పెద్దది కావాలో లెక్క వేస్తాను. జాగ్రత్తగా పంపండి, మా సార్ కూడా చూస్తారు.

ఫిబ్రవరి 8 అని నా టేబుల్ మీద పెద్దగా రాసి అంటించాను.

ముమానీకి సలాం చెప్పి, ఈ ఉత్తరం దాచుకోమని చెప్పే
మీ ఇల్మా


కర్దనూర్
1 డిసెంబర్ 2025

ఇల్మా బేటాకు సలాం దువా.

నీ కాయితం టీవీల వార్తలు చదివినట్టున్నది. మంచిగ అర్థమైంది, రెండోసారి చదివినంక ఇంకా మంచిగ అర్థమైంది. ఇద్దరు దొంగల ముచ్చట మీ ముమానీకి చెప్పిన. “ఒక్క దొంగతోనే ఇరవై ఏండ్ల సంది నా బట్టలు నల్లగైతున్నయ్, రెండో దొంగ గూడ ఉన్నడా?” అన్నది.

దీంతోని ఏడు కాయితాలు పంపుతున్న. వెనక తేదీలు రాసిన. నడుమ మూడు రోజులు పట్టలే, చేతులు ఖాళీ లేకుండె, మోచేతుల దాక గ్రీజే. ఏడో కాయితం జర మంచిగ చూడు. మీ సార్‌కు గదే ముందు చూపియ్యి. ఆయన ఏమన్నడో మాట మాట రాయాలె.

పటకారు పట్టుకుని గొట్టం కాడ నిలవడితే పోయేటోళ్ళంత ఆగి చూస్తున్నరు. మొగులయ్య వచ్చి, “భాయ్, రొట్టెలు కాలుస్తున్నవా?” అన్నడు. “మా కోడలు పిల్ల పరీక్ష రాస్తున్నది, కాయితాలు నేను పడ్తున్న” అన్న. సత్యశ్రీ మేడం గూడ మూడో అంతస్తు కిటికీల నుంచి చూసింది. నేను సలాం చేసిన. ఆమె కిటికీ మూసింది. పోనీ, పొగకు మూసిందేమో, నాకు కాదు.

ఇంట్ల పెండ్లి లొల్లి నడుస్తున్నది. మిఠాయికి మీ అమ్మీ ఖుబానీ కా మీఠా పెట్టాలె అంటది, ముమానీ డబల్ కా మీఠా అంటది. నన్నడిగిన్రు. నాకు ఇనపడలే అన్న. చెవులు పోతే గీ ఒక్క ఫాయిదా ఉన్నది బేటా.

దువాలతోని
గులాం మామూ


కోయంబత్తూరు
9 డిసెంబర్ 2025

మామూజాన్‌కు ఇల్మా సలాం.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు, అందుకని ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను, కోప్పడకండి.

మొదటి కాగితం రొట్టెల పెనం అంత నల్లగా ఉంది. నేను ఎగిరి గంతేశాను, ఇదీ అసలు ఇంజనంటే అని. రెండోది కాస్త తగ్గింది. నాలుగోది బూడిదరంగు. ఏడోది మీరు చూడమన్నారు, చూశాను. దాని మీద తూబా పెళ్ళి కార్డు అచ్చు వేయించుకోవచ్చు మామూ.

పదిహేను రోజుల్లో పాత ఇంజను పొగ దానంతటది తెల్లబడదు. మీరు చెప్పినట్టే ఏడోది ముందు మా సార్‌కు చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి పెట్టి చూసి, “మీ మామయ్య దీన్ని టీ కెటిల్ మూతి దగ్గర పట్టుకున్నారమ్మా” అన్నారు. ల్యాబ్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, బయటికి వచ్చాక ఏడుపొచ్చింది.

మీరు నా మీద ప్రేమతోనే చేసుంటారు. పిల్ల పరీక్ష, నల్ల కాగితాలు పంపితే మార్కులు తగ్గుతాయనుకున్నారేమో. కానీ నాకు నిజం నలుపు కావాలి మామూ. మొదటి కాగితాన్ని బట్టి చూస్తే ఇంత పెద్ద జల్లెడ కావాలి, ఏడోదాన్ని బట్టి చూస్తే అసలు జల్లెడే అక్కర్లేదు, ఇప్పుడు ఏది నమ్మాలో తెలియదు. కొలత తప్పయితే గొట్టం తప్పవుతుంది, గొట్టం తప్పయితే ఫిబ్రవరి 8న బడీబీ లారీ ఎక్కుతుంది. దయచేసి ఇంజను నిజంగా నడుస్తున్నప్పుడే కాగితం పట్టండి.

మీ
ఇల్మా


కర్దనూర్
16 డిసెంబర్ 2025

ఇల్మాకు,

సలాం తర్వాత చెప్త. ముందు గీ సంగతి తేలాలె.

టీ కెటిలా? నేనా? ఈ గులాం మొహమ్మద్ చేతుల నుంచి పటాన్‌చెరులో ఎన్ని ఇంజన్లు పోయినయ్, ఒక్కరన్న ఒక్క అబద్ధం చెప్పిండు అన్నరా? మీ సార్‌ను రమ్మను. గొట్టం కాడ నిలవడమను. ఆయన కండ్లద్దాల మీదనే పడ్త కాయితం!

నువ్వు ఏమన్నవ్? కాయితాలు పంపు, మా సార్ చూస్తడు అన్నవ్. సార్ చూస్తడంటె ఊకుంటనా? పిల్లను చూసుకునేతందుకు సుట్టాలొస్తున్నరంటె ముఖం కడగకుండ ఎవలన్న కూసోబెడ్తరా? మొదటి కాయితం తీసిన నాడు నాకే సిగ్గనిపించింది. ఇగ మరునాడు బడీబీని ఇప్పిన. నాజిల్స్ నాలుగు తీసి రుద్ది రుద్ది సాఫ్ చేసిన, రెండు మార్చిన. ఎయిర్ ఫిల్టర్ కొత్తది. వాల్వులు సరిజేసిన. డీజిల్ పంపు టైమింగ్ జర ముందుకు తిప్పిన. రెండేండ్ల సంది చేస్త చేస్త అనుకుంట చెయ్యని పనులు, నడుమ నడుమ మూడు రోజుల చేసిన. గందుకే చేతులు ఖాళీ లేకుండె. మెకానిక్ మామూ పొగను తెల్లగ చేస్తె, మెకానిక్ అనకుండ దొంగ అంటరా?

గింత రాసి చాయ్ తాగి వచ్చిన. కోపం దిగింది. మీ ముమానీ కాయితం చదివి (దాచిన, దొరకవట్టింది) అన్నది, “పిల్ల ఏడ్చింది అని రాసింది, నీకు గది కనపడలేదా, చెవులతోని కండ్లు గూడ పోయినయా?” కనపడ్డది బేటా. ముందే నీకు రాయాల్సి ఉండె. నువ్వు ఖుష్ అయితవ్ అనుకున్న. ఏడో కాయితం చూసి మీ సార్ ‘ఇల్మా మామూ గొప్పోడు’ అంటడనుకున్న. గంతే నా పిచ్చి.

ఇంకో ఉల్టా ముచ్చట. మొన్న సత్యశ్రీ మేడం కిందికి దిగొచ్చింది, చేతుల గ్యాస్ కొలిచే మిషిన్. ఎక్కడ్నో కిరాయికి తెచ్చిందట. బడీబీ నడుస్తున్నది, పొగ కనపడుతనే లేదు. నేను ఛాతీ ఇరుసుకుని నిలవడ్డ. ఆమె గొట్టంల సలాక పెట్టింది, అంకెలు చూసింది, కాయితం మీద రాసి నాకు చూపించింది: “మసి తగ్గింది. కానీ గ్యాస్ నేను అర్జీ రాసినప్పుడు కొలిచిన దాని కంటే పెరిగింది. 640. నాకు కళ్ళు ఇంకా ఎక్కువ మండుతున్నాయి.”

కడిగిన కొద్ది ముఖం మంచిగైతది గని పాడైతదా? ఆమె మిషినే ఖరాబున్నది. లేకుంటె నన్ను ఎట్లన్న చేసి ఎళ్ళగొట్టాలె అని రాస్తున్నది. నువ్వే చెప్పు.

సలాం గిప్పుడు చెప్తున్న.
గులాం మామూ


కోయంబత్తూరు
24 డిసెంబర్ 2025

మామూజాన్! మామూజాన్! మామూజాన్!

ముందు క్షమించండి. మీ మీద అనుమానపడ్డ ఈ వేళ్ళతోనే రాస్తున్నాను. తప్పు నాది. బడీబీని ముట్టుకోవద్దని నేను రాయలేదు. మెకానిక్‌ను ఇంజను పక్కన నిలబెట్టి, అది పొగ కక్కుతుంటే చూస్తూ ఊరుకోమని అడగడం ఎంత తప్పో నాకిప్పుడు తెలిసింది.

సత్యశ్రీ మేడం మెషీన్ మంచిదే! ఆవిడ అబద్ధం చెప్పలేదు! నిజానికి ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకోవాలనిపిస్తోంది. ఎందుకో వినండి. మీరు నాజిల్స్ సాఫ్ చేసి టైమింగ్ ముందుకు తిప్పారు కదా? లోపల డీజిల్ బాగా, వేడిగా కాలుతోంది. బాగా కాలితే మసి తగ్గుతుంది. కానీ ఆ వేడికే గాలిలోని నైట్రోజన్ కూడా మండి రెండో దొంగ పుడతాడు. ఒకణ్ణి కొడితే ఇంకొకడు లేస్తాడు, డీజిల్ ఇంజను పుట్టినప్పటి నుంచీ ఇదే గొడవ.

ఇప్పుడు నా గొట్టం సంగతి గుర్తు తెచ్చుకోండి. దానికి చావు ఎవరివల్ల? మసి వల్ల. అది పట్టుకునేది ఎవర్ని? రెండో దొంగని. మామూ, మీరు నా గొట్టానికి శత్రువును ఇంట్లోంచి గెంటేసి, దానికి కావలసిన వాణ్ణి మాత్రం తెచ్చి ముందు నిలబెట్టారు! ఆరు నెలలు నేను జల్లెడల మీద జల్లెడలు పెట్టి సాధించలేనిది మీరు మూడు రోజులు గ్రీజు పూసుకుని చేసేశారు. ముందు మెకానిక్, వెనక మెరుపు. ఇది మాకెవరికీ తట్టలేదు.

మీ ఉత్తరం మా సార్‌కు చదివి వినిపించాను. కండ్లద్దాల మీద కాగితం పట్టే వాక్యం కూడా వదల్లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత, “మీ మామయ్య చిరునామా ఇవ్వు” అన్నారు. ఎందుకో చెప్పలేదు.

పదహారు గాజు గొట్టాలు కట్టగా కట్టి, పెట్టెలో పెట్టి జనవరి మొదట్లో బస్సు పార్సిల్లో పంపుతాను. నేనొచ్చే వరకు కరెంటు తీగ తగిలించకండి, నా మీద ఒట్టు. అది వేల వోల్టులు, బడీబీలా మిమ్మల్ని గుర్తుపట్టదు. జనవరి 24న నేను వచ్చి బిగిస్తాను. ఆలోపు ఒక పని చేసిపెట్టండి: ఏదైనా ఫ్యాక్టరీ బొగ్గు బాయిలర్ నుంచి రెండు బస్తాల బూడిద తెచ్చి ఉంచండి.

పడీ పడీ నవ్వుతూ
మీ ఇల్మా


కర్దనూర్
5 జనవరి 2026

ఇల్మా బేటాకు సలాం.

పెట్టె క్షేమంగ వచ్చింది. గొట్టాలు ఒక్కటి పగల్లే. ముమానీ పెండ్లి గాజుల డబ్బా అనుకుని ఇప్పింది.

బూడిద తెచ్చిన. పాశమైలారం దిక్కు ఒక ఫ్యాక్టరీల యాదన్న బాయిలర్ చూస్తడు, అడుగంగనె రెండు బస్తాలు నింపిచ్చిండు. “ఏం చేస్తవ్ భాయ్, గిన్నెలు తోముతవా?” అన్నడు.

ఇగ నేనడిగే సవాల్. బూడిద మస్తు మురికిగ ఉన్నది. మన హాల్ల, నా బిడ్డ పెండ్లిల పెట్టేది. నీళ్ళతోని కడిగి, డాబా మీద ఎండబెడితే సాఫ్ అయితది. బస్తా ఇప్పిన, బకెట్ తెచ్చిన, గప్పుడు యాదికొచ్చింది మొన్నటి సంగతి. బకెట్ పక్కన పెట్టి నిన్నడుగుతున్న. కడగాల్నా?

జల్దీ జవాబు రాయి, బకెట్ చూస్తుంటె చేతులు ఊకుంటలేవు.

మామూ


కోయంబత్తూరు
9 జనవరి 2026

మామూజాన్,

కడగొద్దు! కడగొద్దు! కడగొద్దు! ఆ గ్యాసును పట్టుకునేది బూడిదలో ఉన్న సున్నమే, నీళ్ళు పోస్తే అదే పోతుంది. బకెట్ ముమానీకి ఇచ్చేయండి. బస్తాలకు తాళం వేయండి.

కానీ కడిగే ముందు నన్ను అడిగారు చూడండి, అది చదివి నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

స్పీడ్ పోస్టులో పరిగెత్తిస్తున్న
ఇల్మా


కర్దనూర్
12 ఫిబ్రవరి 2026

ఇల్మా బేటాకు మామూ సలాం, ముమానీ సలాం, కొత్త పెండ్లికూతురు తూబా సలాం.

గిదేం చిత్రమో చూడు. పెండ్లి నాడు నువ్వూ నేనూ ఒక్క హాల్లనే ఉన్నం, ఒక్క మాట మాట్లాడుకోలే. నువ్వు ఆడోళ్ళ దిక్కు, తూబాను వదిలి కదల్లే. నేను హాల్ వెనక, బడీబీని వదిలి కదల్లే. తెల్లారి నీకు కాలేజీల పరీక్ష అని బస్సెక్కినవ్. గందుకే నా దిక్కు ముచ్చట కాయితంల రాస్తున్న.

జనవరిల నువ్వొచ్చి బిగించినప్పుడు పది నిమిషాలు, గది గూడ లోడ్ లేకుండ నడిపి చూసినం. నిండు లోడ్ మీద నడిపే మౌకా గా రోజు దాక రాలే. నాకు లోపల గుబులే. నువ్వు చెప్పిన ఇరవై నిమిషాల గండం దిమాగుల గిర్రున తిరుగుతున్నది.

ఒంటిగంట దాటి పది నిమిషాలకు కరెంటు పోయింది. బడీబీ బటన్ నొక్కిన, లేసింది. నీ స్విచ్ ఏసిన. సందులకెళ్ళి చూస్తె పదహారు గొట్టాలల్ల ఊదా వెలుగు. లైట్లు, ఫ్యాన్లు, వంటకాడి మోటర్లు, మైకు, అన్ని బడీబీ మీదనే. గప్పుడే సత్యశ్రీ మేడం వచ్చింది. పెండ్లికి పిలిచినం గద, పట్టుచీర కట్టింది, చేతుల మాత్రం గ్యాస్ మిషిన్. సలాక పెట్టింది. అంకె తగ్గుకుంట వచ్చి 150 కాడ ఆగింది. మొన్నటి 640 యాది చేసుకో! ఆమె నా దిక్కు చూసింది, నేను గడియారం దిక్కు చూస్తున్న. నాకు అంకెతోని పని లేదు, ఇరవై నిమిషాలు దాటాలె.

పదిహేను. పద్దెనిమిది. పంతొమ్మిది. బేటా, తూబా పుట్టిన నాడు ఆస్పత్రి బయట గూడ గంత పరేషాన్ కాలే. ఇరవై అయ్యింది. ఒక గొట్టం జర మినుకుమన్నది, మళ్ళ సక్కగైంది. ఇరవై ఒకటి. ఇరవై అయిదు. ఊదా వెలుగు ఎట్లుండె గట్లనే ఉన్నది. మునుపటి నల్ల వాసన లేదు, గొంతుల గుచ్చుడు లేదు. వాన కురిసి ఎల్సినట్టు వాసన. చెవులు పోయినంక నేను ముక్కుతోనే ఇంజన్లు చూస్తున్న, నా ముక్కు అబద్ధం చెప్పదు.

మేడం ఏందో చెప్తున్నది, నాకు ఇనపడ్తలేదు. “రాయమ్మా” అని చెయ్యి చూపించిన. కాయితం లేదు. కింద పడ్డ బొగ్గు ముక్క తీసి, గా పట్టుచీరతోనే వంగి, జనరేటర్ రూం గోడ మీద రాసింది: “చాలు. వెళ్ళి మీ అమ్మాయి పెళ్ళి చూసుకోండి. దీన్ని నేను చూస్తాను.”

నేను ఉరికిన. ఖాజీ సాబ్ నా కోసమే ఆపిండట. “పెండ్లికూతురు తండ్రి ఏడీ?” అంటె మొగులయ్య, “ఇంకో బిడ్డ కాడ ఉన్నడు సాబ్” అని చెప్పిండట. గ్రీజు చేతులు షేర్వానీకి తుడుచుకుంట పోయి కూసున్న. నిఖా అయ్యింది. ఫర్దీన్ గా ఒక్కసారి తల ఎత్తిండు.

తిరిగి వచ్చి చూస్తె మేడం నా స్టూల్ మీదనే కూసున్నది, ముందట ఖుబానీ కా మీఠా గిన్నె. ముమానీ పంపింది. మీ అమ్మీ గెలిచింది అన్నట్టు. మొగులయ్య గోడ మీద రాసింది చూసి, “దీని మీద సున్నం ఎయ్యనియ్య” అన్నడు. బడీబీ ఏడికీ పోతలేదు. బూడిద మాత్రం మూడు పెండ్లిళ్ళకు ఒకసారి మార్చాలె అని నువ్వు చెప్పినవ్ గద, రెండో బస్తా తాళం ఏసే ఉన్నది, కడగలే.

నిన్న పార్సిల్ వచ్చింది. మీ సార్ పంపిండు, తూబాకు పెండ్లి కానుక. ఇప్పితె టీ కెటిల్! లోపల చీటి: “మూతి దగ్గర కాగితం పెట్టి చూశాను, తెల్లగానే ఉంది. క్షమించగలరు.” నేను నవ్విన నవ్వుకు ముమానీ భయపడ్డది. తూబాకు ఇయ్య, గా కెటిల్ నేనే ఉంచుకుంట, ఆమెకు వేరేది కొనిస్త.

ఇగ నాకు ఒక్కటే తెల్వాలె. గా రోజు వెంటిలేటర్ల నుంచి చూడలే. నాలుగుసార్లు స్టూల్ ఎక్కుదామనుకున్న, కాళ్ళు రాలే. అంకె 150 అయినా, ఆడోళ్ళు ఓణీలు ముక్కుకు పెట్టుకున్నరంటె నాకు అన్నీ ఉత్తగనే. ఎవలను అడిగినా నన్ను ఖుష్ చెయ్యాలె అని లేదంటరు. నువ్వు కొలిచేదానివి. ఉన్నది ఉన్నట్టు రాయి. మూసుకున్నరా?

మీ మామూ
గులాం మొహమ్మద్


కోయంబత్తూరు
19 ఫిబ్రవరి 2026

మామూజాన్‌కు ఇల్మా సలాం.

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మూసుకున్నారు.

ఆగండి, కాగితం పక్కన పెట్టేయకండి. చివరిదాకా చదవండి.

లైట్లు ఆరిపోయాయి. హాలంతా “అరె, అరె” అంది. గోడ వెనక బడీబీ గుర్రుమంది. అందరికీ ఆ చప్పుడు అలవాటే కదా, లైట్లు వెలిగేలోపే చేతులు లేచాయి. ఓణీలు, కొంగులు, ఎవరికి ఏది అందితే అది. నాలుగు వందల మంది ఆడవాళ్ళు ఒక్కసారి ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం లెక్కపెడుతూ కూర్చున్నాను.

అందరూ ఎదురుచూస్తున్నారు. పొగ రావాలి కదా. రాలేదు. ముందు వరసలో ఒకావిడ కొంగు కొంచెం దించి, గాలి చూసి, మళ్ళీ పెట్టుకుంది. ఇంకొకావిడ పక్కావిడతో, “బడీబీ లేసిందా, లేదా?” అంది. “సప్పుడైతే ఒస్తున్నది” అంది ఆవిడ. ఒక ఓణీ దిగింది. ఆ వెనక రెండు. ముమానీ కొంగు తీసేసి, చుట్టూ చూసి, నడుముకు దోపుకుని అందరికీ వినపడేటట్టు అంది, “ఏందమ్మా మూసుకున్నరు? మా ఆయన జనరేటర్‌కు పొగ రాదు!” ఇరవై రెండేళ్ళలో మిమ్మల్ని ఆవిడ నలుగురిలో మెచ్చుకున్నది ఆ ఒక్కసారేనని అమ్మీ చెప్పింది. మీ చెవులు ఉన్నా వినలేకపోయేవారు, మీరు వెనక ఉన్నారు. అందుకే రాసి పెడుతున్నాను, దాచుకోండి.

నిజం అంతా చెప్పమన్నారు కాబట్టి ఇదీ రాస్తాను: జైతూన్‌బీ ఖాలా మాత్రం బిర్యానీ వచ్చేదాకా ముక్కు వదల్లేదు. అడిగితే, “అలవాటమ్మా” అంది. నాలుగు వందల్లో ఒక్కరు. ఈ లెక్క మా సార్‌కు కూడా చెప్పాను, మా రిపోర్టులో వేయాలంటున్నారు. రిపోర్టు మొదటి పేజీలో మీ పేరు ఉంటుంది. ‘ఇంజను సిద్ధం చేసినవారు: గులాం మొహమ్మద్, కర్దనూర్’ అని. ‘ముఖం కడిగినవారు’ అని రాద్దామంటే సార్ ఒప్పుకోలేదు.

ఇక తూబా. బడీబీ లేవగానే తూబా నా వైపు వంగింది. రెండు చేతులకూ మోచేతుల దాకా మెహందీ, ముఖం మీద వేలాడే గులాబీ పూల సెహరా, చెయ్యి ఎత్తలేదు. “ఇల్మా, అబ్బా జనరేటర్ ఏసిండు. జర నా ముక్కు మూయ్” అంది. నేను నా ఓణీ కొసతో, సెహరా కిందినుంచి, దాని ముక్కు మూశాను. అలాగే పట్టుకున్నాను. దానికి పుట్టినప్పటి నుంచీ మీ పొగ తెలుసు, మీ ముక్కే దానికీ వచ్చింది. 150 అంకె నాకప్పటికి తెలియదు మామూ.

కాసేపటికి తూబా మెల్లగా తల పక్కకు తిప్పుకుంది.

“తియ్యవే ఇల్మా” అంది. “గులాబీల వాసన ఒస్తున్నది.”

తీసేశాను.

మీ
ఇల్మా